కుడితి తొట్టి పక్కన గోబర్ గ్యాస్: పేడా, హోటల్ మిగులూ కలిపి నడిపే పద్ధతి

మా టిఫిన్ హోటల్ పొద్దున పదిన్నరకి కట్టేస్తాం. ఆ వేళకి వెనక పెరట్లో రెండు బక్కెట్లు నిండి ఉంటాయి. ఒకదాంట్లో బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు. అది తిన్నగా కుడితి తొట్లోకి పోతుంది. రెండోదాంట్లో ఎంగిలి ఇడ్లీ ముక్కలు, పాడైన చట్నీ, సాంబారు అడుగు, అట్టుకి కూడా పనికిరానంతగా పులిసిన పిండి. ఇది గేదెలకి పెట్టేది కాదు. ఇదివరకు కాలవ గట్టున పోసేవాళ్ళం. కుక్కలూ ఈగలూ చేరేవి, పక్కింటివాళ్ళతో రోజూ మాట పడేవాళ్ళం. ఇప్పుడు ఆ రెండో బక్కెట్టే మా సాంబారు కాస్తోంది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మూడు గేదెలు, ఎకరంన్నర మాగాణి, రోడ్డు మీద హోటలు. గోబర్ గ్యాస్ పెట్టి నాలుగేళ్ళయింది. మధ్యలో ఒకసారి నా చేతులారా దాన్ని చంపినంత పని చేశాను. ఆ సంగతి కింద చెప్తాను, మీకు ఎక్కువ పనికొచ్చేది అదే.

ముందు లెక్క చూసుకోండి. పచ్చి పేడ కిలోకి సుమారు 40 లీటర్ల గ్యాసు వస్తుంది. అన్నం, ఇడ్లీ, పిండి లాంటివి కిలోకి 80 నుంచి 100 లీటర్ల దాకా ఇస్తాయి. పేడ అంటే గేదె ఒకసారి అరిగించుకుని వదిలింది కదా, అందులో సారం తక్కువ. మేం రోజూ వేసేది 25 కిలోల పేడ, 5 కిలోల హోటల్ మిగులు, 25 లీటర్ల నీళ్ళు. దీనికి దాదాపు 1,500 లీటర్లు, అంటే ఒకటిన్నర ఘనపు మీటరు గ్యాసు రావాలి. ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాసు సుమారు 430 గ్రాముల సిలిండర్ గ్యాసుతో సమానం. ఆ లెక్కన నెలకి 19 కిలోల హోటల్ సిలిండరు ఒకటి మిగలాలి. కాగితం మీద సంగతి అది. సందుల్లోంచి పోయేది, చలికాలంలో తగ్గేది తీసేస్తే నాకు దక్కేది అందులో ముప్పాతిక. ఎవరన్నా ఇంకా ఎక్కువ చెప్పి అమ్మజూపితే నమ్మకండి.

రోజుకి నీళ్ళతో సహా ఎన్ని లీటర్లు వేస్తారో దాన్ని 40తో హెచ్చవేస్తే మీకు కావలసిన పేడ తొట్టి సైజు వస్తుంది. మన వేడికి ఆ సరుకు లోపల నలభై రోజులుంటే అరుగుతుంది. మాది రోజుకి 55 లీటర్లు గనక 2,200 లీటర్లు పట్టాలి.

ఏ రకం కట్టాలి అనే దగ్గర మా ఇంట్లో నెల రోజులు తగువు జరిగింది. మా ఆయనకి దీనబంధు కట్టించాలని. 1984లో వచ్చిన నమూనా అది, ఇటికతో భూమిలోపల గుమ్మటంలాగా కడతారు, తుప్పు పట్టే డ్రమ్ము గొడవ ఉండదు. గట్టి ఎర్రనేల ఉన్నవాళ్ళకి నేను కూడా అదే చెప్తాను. మాది డెల్టా నల్లరేగడి. కాలవలు వదిలితే మూడడుగుల్లో నీళ్ళు ఊరతాయి. వేసవిలో నేల చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది. అలాంటి చోట గుమ్మటం ఒక్క చోట చిట్లినా గ్యాసంతా పోతుంది, తవ్వి బాగుచెయ్యడం మాటలు కాదు. అందుకని నేల మీదే రెండు ప్లాస్టిక్ ట్యాంకుల పద్ధతి పెట్టాం. పుణెలో ఆనంద్ కర్వే గారి సంస్థ ఆర్టీ ఇలాంటి చిన్న ప్లాంట్లనే వంటింటి మిగులుతో నడిపి చూపించింది. దానికి 2006లో, మంచి ఇంధన పద్ధతులకి బ్రిటన్‌లో ఇచ్చే ఆష్‌డెన్ అవార్డు కూడా వచ్చింది.

ట్యాంకులు బిగించడం

3,000 లీటర్ల నల్ల ట్యాంకు ఒకటి, 2,000 లీటర్లది ఒకటి. పెద్దదాని పైభాగం గుండ్రంగా కోసేసి నిలబెడతారు. చిన్నదాని పైభాగం కూడా కోసి, దాన్ని పెద్దదాంట్లో బోర్లిస్తారు. కింద ఉన్నది పేడ తొట్టి, బోర్లించింది గ్యాసు డ్రమ్ము. గ్యాసు చేరేకొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది, వాడుకునేకొద్దీ దిగుతుంది. రెండింటికీ మధ్య చుట్టూ మూడు నాలుగు వేళ్ళ సందుంటే చాలు. ఒక్కో కంపెనీ ట్యాంకు ఒక్కో వెడల్పు ఉంటుంది. కొనేముందు షాపులోనే టేపు పెట్టి కొలవండి. మేం ఫోన్లో ఆర్డరిచ్చి, చిన్నది పట్టక మార్చుకోవడానికి ఆటో కిరాయి రెండుసార్లు కట్టాం.

పెద్ద ట్యాంకు పైభాగం కోసేస్తే దానికి బిగువు పోతుంది. నింపాక పొట్ట ముందుకొస్తుంది. వెల్డింగు షాపులో ఇనప పట్టీ వంచి రెండు చోట్ల బెల్టులాగా వేయించండి. కింద సిమెంటు దిమ్మ సమంగా ఉండాలి, గతుకుంటే ట్యాంకు అక్కడే పగులుతుంది. పొద్దస్తమానం ఎండ తగిలే చోటు చూసుకోండి. తాగే నీళ్ళ బోరుకీ వంటింటికీ ఎడంగా, గేదెల చావిడికి దగ్గరగా ఉంటే పేడ మోసే పని తగ్గుతుంది.

పైపులు రెండూ నాలుగంగుళాల పీవీసీవే. వేసే పైపు తొట్టి అడుగుకి జానెడు ఎత్తున గోడలోంచి లోపలికి వెళ్ళాలి. బయట నిలువుగా పైకి తీసుకొచ్చి దానిమీద గరాటులాగా ఒక ప్లాస్టిక్ బేసిన్ బిగించాం. అరిగింది బయటికి వచ్చే పైపు దానికి ఎదురు వైపు, అడుగునుంచి రెండడుగుల ఎత్తున బెజ్జం. అదీ బయట పైకొచ్చి, తొట్టి అంచుకి అడుగు కిందగా వంగాలి. లోపలి మట్టం అక్కడే నిలబడుతుంది. గరాటు మూతి ఈ మట్టం కంటే కనీసం అడుగు పైన ఉండాలి, లేకపోతే పోసింది మళ్ళీ మీ కాళ్ళమీదకే వస్తుంది. పైపులు లోపలికి పొడుచుకురాకూడదు, డ్రమ్ము దిగేటప్పుడు తగులుకుంటుంది. తొట్టి అడుగున నాలుగు వైపులా అడుగెత్తు ఇటికలు పేర్చండి. డ్రమ్ము పూర్తిగా దిగినా వాటిమీద ఆగుతుంది, వేసే పైపుకి అడ్డం రాదు, పోసిన సరుకు డ్రమ్ము కిందకే పోతుంది. బెజ్జాల దగ్గర ట్యాంక్ కనెక్టరు, రబ్బరు వాషరు, పైన ఎంసీల్. నీళ్ళు నింపి రెండు రోజులు వదిలెయ్యండి. కారితే అప్పుడే తెలియాలి.

డ్రమ్ము నెత్తిన ముప్పావంగుళం బాల్ వాల్వు, దానికి మెత్తటి హోస్ పైపు, డ్రమ్ము పైకీ కిందకీ ఆడినా లాగకుండా వదులుగా. అక్కణ్ణించి పొయ్యిదాకా పీవీసీ. ఈ గ్యాసులో తడి ఎక్కువ. పైపులో నీళ్ళు నిలిస్తే మంట ఎక్కిళ్ళు పెట్టినట్టు కొట్టుకుంటుంది. అందుకని పైపుని ఒకవైపు వాలుగా వేసి, పల్లపు చోట టీ (T) ఆకారపు పైపు ముక్క పెట్టి, కింద చిన్న కొళాయి బిగించండి. వారానికోసారి విప్పితే గ్లాసెడు నీళ్ళు వస్తాయి. వంటింటి బయట అడుగు పొడుగు పైపు ముక్కలో గిన్నెలు తోమే ఇనప పీచు, తుప్పు పట్టింది, కూరి పెట్టాం. కుళ్ళిన గుడ్డు వాసన గ్యాసుని అది పట్టుకుంటుంది. నల్లబడితే మార్చడమే.

ప్లాస్టిక్ డ్రమ్ము తేలిక, గ్యాసుని గట్టిగా తొయ్యలేదు. మొదట్లో మా పొయ్యి మీద దీపం వెలిగినట్టు వెలిగేది. మా మేస్త్రి మట్టం చూసే తన నీళ్ళ గొట్టం, లెవెల్ ట్యూబు, తెచ్చి ఒక కొస గ్యాసు పైపుకి పెట్టాడు. రెండు వైపుల నీటి మట్టానికీ తేడా మూడున్నర సెంటీమీటర్లే. ఎనిమిది దాకా ఉంటే మంట బాగుంటుంది. 20 కిలోల ఇసక మూటలు మూడు డ్రమ్ము మీద సమంగా పెట్టాం, సరిపోయింది. ఒకవైపే పెడితే డ్రమ్ము వాలి ఇరుక్కుంటుంది.

పొయ్యి మాత్రం గోబర్ గ్యాసుకి చేసినదే, ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. సిలిండర్ పొయ్యి జెట్టు సూది బెజ్జం, ఈ పల్చటి గ్యాసుకి చాలదు. అన్నీ కలిపి అప్పట్లో మాకు 42,000 రూపాయలైంది.

తోడు పెట్టడం

పాలకి తోడు ఎలాగో దీనికీ అలాగే. మొదటిసారి వెయ్యి కిలోల పైచిలుకు పేడని సమానంగా నీళ్ళలో కలిపి, గడ్డీ మట్టీ ఏరేసి పొయ్యాలి. మా మూడు గేదెలది చాలక వీధిలో నాలుగు ఇళ్ళు తిరిగి అడిగి తెచ్చాం. దానిమీద నడుస్తున్న ప్లాంటు నుంచి పది బక్కెట్ల పాత స్లర్రీ, అంటే అరిగి బయటికొచ్చిన పేడనీళ్ళు, తెచ్చి కలిపితే త్వరగా అందుకుంటుంది. మేం పక్క ఊరి డెయిరీ నుంచి పాలక్యాన్లలో పట్టుకొచ్చాం.

ఎండాకాలమైతే పది పదిహేను రోజుల్లో, చలికాలమైతే నెలకి గ్యాసు పడుతుంది. మొదటి రెండు డ్రమ్ముల గ్యాసూ వాల్వు విప్పి గాల్లోకి వదిలెయ్యండి. అందులో మామూలు గాలి కలిసి ఉంటుంది. ఈ గ్యాసులో మండేది మీథేన్. గాలిలో అది నూటికి 5 నుంచి 15 పాళ్ళు ఉన్నప్పుడే పేలుతుంది. సంబరంగా అగ్గిపుల్ల గీసే వేళ ఇది కాదు.

నీలం మంట నిలకడగా వచ్చాక ఇంకో వారం పేడే వెయ్యండి. ఆ తరవాత హోటల్ మిగులు రోజుకి కిలోతో మొదలుపెట్టి, వారానికో కిలో పెంచుకుంటూ పోవాలి. మేం 5 కిలోలకి రావడానికి నెల దాటింది. నాకు ఆ ఓపిక మొదటి ఏడాది ఉంది. రెండో ఏడాది పోయింది.

ఓణీల ఫంక్షన్ తరవాత

మా ఆడపడుచు కూతురికి ఓణీల ఫంక్షన్ చేశారు. వాన పడి జనం సగమే వచ్చారు. ముప్పై అయిదు కిలోల అన్నం, బిందెడు సాంబారు, పాయసం మిగిలిపోయాయి. పంచగలిగింది పంచాం, తెల్లారేసరికి మిగతాది వాసన కొట్టింది. పారబొయ్యడానికి మనసొప్పక రెండు పూటల్లో మొత్తం గరాటులో పోసేశాను.

మర్నాడు పొద్దున చూస్తే డ్రమ్ము అంచుదాకా లేచి ఉంది. సందుల్లోంచి బుడబుడ. అందర్నీ పిలిచి చూపించాను కూడా. పొయ్యి దగ్గరకెళ్ళి పుల్ల గీస్తే ఆరిపోయింది. ఇంకోటి గీశాను, అదీ ఆరింది. పెట్టె సగం అయ్యాక అర్థమైంది, వస్తున్నదంతా మండని గాలి. నాలుగో రోజుకి డ్రమ్ము చతికిలబడింది. బయటికొచ్చే స్లర్రీ పులిసిపోయిన దోసెపిండి వాసన.

అత్తయ్యగారు ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని ఒకటే మాటన్నారు: "పెళ్ళివారి అన్నం మేసిన గేదెకి పొట్టుబ్బినట్టుందే దీనికి."

అక్షరాలా అదే జరిగింది. తొట్టిలో రెండు జాతుల సూక్ష్మజీవులు పంక్తిలో కూర్చున్నట్టు ఉంటాయి. మొదటివి అన్నాన్ని విరగ్గొట్టి పులుపు చేస్తాయి. రెండోవి ఆ పులుపుని తిని మీథేన్ చేస్తాయి. మొదటివాటికి తొందరెక్కువ, రెండోవి నిదానంగా పెరుగుతాయి. ఒక్కసారి ఇంతన్నం పడితే మొదటివి పులుపు చేసి పారేస్తాయి, రెండోవి ఆ పులుపులో చచ్చిపోతాయి. మిగిలేది బొగ్గుపులుసు వాయువు, అది మండదు. అందుకే డ్రమ్ము లేచిందని మురిసిపోకండి, మంట చూడండి.

పులుపు ఎంతుందో చూపించే పీహెచ్ కాగితాలు మా వైపు రొయ్యల చెరువుల మందుల షాపుల్లో దొరుకుతాయి. తొట్టి ఆరోగ్యంగా ఉంటే 6.8 నుంచి 7.5 మధ్య చూపిస్తుంది. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఆవేళ నాది 5.5. వెంటనే హోటల్ మిగులు ఆపేశాం. వచ్చే పైపులోంచి పది బక్కెట్లు తోడి తీసేశాం. పొట్టుబ్బిన గేదెకి పశువుల డాక్టరు తినేసోడా పట్టిస్తాడు కదా, అత్తయ్యగారు దీనికీ అదే అన్నారు. నేను నవ్వాను గానీ వేరే దారి కనపళ్ళేదు. పావుకిలో సోడా బక్కెట్టు నీళ్ళలో కరిగించి నాలుగు రోజులు పోశాం. సున్నపు తేట కూడా పనిచేస్తుందిగానీ అది పైన తేరిన నీళ్ళే, కొద్దికొద్దిగా, కాగితంతో చూసుకుంటూ పొయ్యాలి. మళ్ళీ డెయిరీకెళ్ళి పది క్యాన్ల స్లర్రీ తెచ్చి పోశాం. తరవాత రోజుకి పదిహేను కిలోల పేడ మాత్రమే. పంతొమ్మిదో రోజు సాయంత్రం పుల్ల గీస్తే నీలం మంట నిలబడింది.

అప్పట్నించీ పేడ బరువులో అయిదో వంతు దాటి మిగులు వెయ్యను. ఒకరోజు మిగులు ఎక్కువొస్తే మూతబెట్టి మర్నాటికి ఉంచుతాను, మరీ ఎక్కువైతే కంపోస్టు గుంటలోకి. హోటలు సెలవు రోజున మాత్రం పేడ ఆపం. గేదెని పస్తుంచం కదా.

ఏది వెయ్యచ్చు, ఏది కూడదు

అన్నం, ఇడ్లీ, పిండి, గంజి, మగ్గిపోయిన అరటిపళ్ళు, మామిడి తొక్కలు, టమాటాలు, ఆకుకూరల కాడలు: అన్నీ మంచివే. అన్నీ మా పాత వెట్ గ్రైండర్లో ఒక తిప్పు తిప్పి, జావలాగా చేసి పేడనీళ్ళలో కలుపుతాం. ముక్కలుగా వేస్తే పైన తేలి తెట్టు కడుతుంది. కాలవలో గుర్రపుడెక్క కావలసినంత ఉంది, దాన్నీ వాడచ్చు. ఆకులు తరిగి రెండు మూడు రోజులు మగ్గబెట్టాలి, వేళ్ళూ మట్టీ తీసెయ్యాలి. నాకు అంత తీరిక లేక మానేశాను.

వరిగడ్డి జోలికి పోకండి. గట్టిది, అరగదు, పరుపులాగా తేలుతుంది. కొబ్బరి పీచు, ఎముకలు, గుడ్డు పెంకులు, ఉల్లిపొట్టు కూడా అరగవు. నిమ్మ, బత్తాయి తొక్కల్లో నూనె సూక్ష్మజీవులకి పడదు. ఊరగాయ అడుగులు ఉప్పు. బజ్జీల నూనె చెంచా రెండు చెంచాలైతే సరే, మూకుడు దులిపెయ్యకండి. ఫినాయిలు, బ్లీచింగు, సబ్బు నీళ్ళు కలవనివ్వద్దు. గేదెకి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేయిస్తే ఆ వారం దాని పేడ విడిగా పెంటలో వేస్తాం. కోళ్ళ పెంట కొంచెమైతే ఫర్వాలేదు, ఎక్కువైతే అమ్మోనియా ఘాటు.

హైదరాబాదు బోయిన్‌పల్లి మార్కెట్లో టన్నుల కొద్దీ కూరగాయల చెత్తతో గ్యాసు చేసి కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పినప్పుడు, మా దగ్గరికొచ్చి "మేమూ ఉత్త కూరగాయలతోనే పెట్టుకుంటాం" అన్నవాళ్ళున్నారు. అక్కడ నూరే మిషన్లూ చూసుకునే ఇంజనీర్లూ ఉన్నారు. ఇంట్లో నడిపేవాళ్ళకి పేడే ఆ ఇంజనీరు, పులుపెక్కకుండా ఆపేది అదే.

రోజూ చూసుకునేవి

నేను మధ్యాహ్నం పన్నెండింటికి పోస్తాను, ఎండకి నీళ్ళు వేడెక్కి ఉంటాయి. డిసెంబరు, జనవరిలో గ్యాసు తగ్గుతుంది. అప్పుడు ఇడ్లీ పాత్రలో మిగిలిన వేణ్ణీళ్ళు కలుపుతాను, కాలే నీళ్ళు కాదు, చెయ్యి పెట్టగలిగేవి. మంట పసుపుగా ఉంటే పొయ్యి గాలి బెజ్జం కొంచెం తెరవాలి, బర్నరు వదిలి ఎగిరిపోతుంటే ముయ్యాలి. పెద్ద ఇడ్లీ కుండకి ఈ మంట చాలదు, అది సిలిండరు మీదే. సాంబారు, పోపులు, పాలు, వేణ్ణీళ్ళు దీనిమీద.

కారుతోందేమో చూడ్డానికి సబ్బు నురగ రాయండి, అగ్గిపుల్ల పెట్టి వెతకద్దు. గ్యాసుని ట్యూబుల్లోకీ సిలిండర్లలోకీ ఎక్కించే ప్రయోగాలు వద్దు. సందులోకి పిల్లలు చేతులు పెట్టకుండా చుట్టూ మెష్ కట్టండి.

రోజూ యాభై లీటర్ల దాకా స్లర్రీ బయటికొస్తుంది. వాసన ఉండదు, ఈగ వాలదు. రెండు మూడు రోజులు గుంటలో నిలవుంచి, అంతకంత నీళ్ళు కలిపి బెండకీ వంగకీ పోస్తాను. మాగాణికైతే నీళ్ళు పెట్టేటప్పుడు బోదెలోకి వదిలేస్తాం. మిగిలింది వరిగడ్డి మీద చల్లి కంపోస్టు. ఎండబెడితే నత్రజని గాల్లోకి పోతుంది, ఎండబెట్టకుండా వాడితేనే లాభం.

ఏడాదికోసారి, మే నెలలో, డ్రమ్ము ఎత్తి తెట్టు తీస్తాం. ముందురోజే వాల్వు విప్పి గ్యాసంతా వదిలేసి, పొయ్యి కట్టేసి, బీడీ సిగరెట్టు వాళ్ళని దూరంగా పంపించి, నలుగురు మనుషులతో ఎత్తిస్తాం. తెట్టు పొడుగు కర్రకి కట్టిన జల్లెడతో బయటినుంచే లాగాలి. ఎవరూ లోపలికి దిగకూడదు, వస్తువేదన్నా పడిపోయినా సరే. పోయినేడు మా మరిది ఫోను పడింది. అది ఇంకా అందులోనే ఉంది.